రత్తమ్మగారి వారపత్రికలు

సింగపూరు టోవా పాయోలో మేము అద్దెకున్న బ్లాకులో పోస్టు పెట్టెలన్నీ కింద, లిఫ్టుల పక్కనే వరసగా ఉంటాయి. ఆ ఏడాది అక్టోబరు వానలు మొదలయ్యాక నేను రోజూ మధ్యాహ్నం, మా అమ్మాయి కీర్తిక బడి నుంచి వచ్చే వేళకు కాస్త ముందే దిగి, మా పెట్టె తాళం తీసి చూసేదాన్ని. విజయనగరం నుంచి మా అక్క సత్యవాణి నెలకోసారి ఒక కథల పత్రిక పంపుతుంది. ఫోనులోనే చదువుకోవచ్చు కదా అనేవాడు మా ఆయన ఉదయ్‌కిరణ్. చదువుకోవచ్చు. కానీ అక్క ముందు తను చదివి, నచ్చిన వాక్యాల పక్కన పెన్సిల్‌తో సన్నగా గీతలు పెట్టి పంపుతుంది. కాగితానికి వాళ్ళింటి అగరొత్తుల వాసన అంటుకుని ఉంటుంది. ఫోనులో ఆ గీతలూ ఉండవు, ఆ వాసనా ఉండదు.

ఆ రోజు పెట్టెలో సూపర్‌మార్కెట్ ప్రకటన కాగితం ఒక్కటే ఉంది. మూసి తాళం వేస్తుంటే పక్కనుంచి ఎవరో అడిగారు.

"రానేదా?"

తిరిగి చూశాను. తెల్లజుట్టు, ఎండకు ఎర్రబారిన మొహం, ఖాకీ నిక్కరు, చేతిలో గొడుగు. ఒక ఇంగ్లీషు ముసలాయన. నేనే తప్పు విన్నాననుకున్నాను.

"ఏటమ్మా, రానేదా?" అన్నారాయన మళ్ళీ, గొడుగుతో నా పెట్టె వైపు చూపిస్తూ.

'రాలేదు' అనడానికి మా వైపు పల్లెల్లో 'రానేదు' అంటారు. విజయనగరంలో కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పే రోజుల్లో, పరీక్ష పేపర్లలో ఆ మాట కనబడితే ఎర్ర సిరాతో కొట్టేసి దిద్దేదాన్ని. సింగపూరు వచ్చాక తెలుగువాళ్ళు చాలామందే పరిచయమయ్యారు గానీ ఆ మాట ఎవరి నోటా వినలేదు.

"రానేదండీ," అన్నాను.

"నాదీ రానేదు," అని తన ఖాళీ పెట్టె తెరిచి చూపించి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు. పేరు కెన్నెత్. నాలుగో అంతస్తు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇక్కడి బ్రిటిష్ వైమానిక దళంలో మెకానిక్కుగా వచ్చారట. దళం ఖాళీ చేసి వెళ్ళిపోయినప్పుడు ఆయన మాత్రం వెళ్ళలేదు. కారణం రత్తమ్మగారు. మలయాలో, పెరాక్ వైపు కొబ్బరి తోటల్లో పుట్టిన తెలుగావిడ. ఆవిడ అమ్మమ్మ కాలంలో చికాకోలు, అంటే ఇప్పటి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి తోటపనికి కుదిరిన కుటుంబం. సింగపూరులో నర్సుగా పనిచేశారు. కోవిడ్ రాకముందే పోయారు.

"ఆవిడ తెలుగులో అడిగేది, నేను ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి," అన్నారాయన. "మా కాపురమంతా అలాగే నడిచింది."

మా ఇంట్లోనూ అంతే అన్నాను. నేను తెలుగులో అడుగుతాను, రెండో తరగతి చదివే మా అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంది.

ఆ తర్వాత తరచూ పెట్టెల దగ్గరే కలిసేవాళ్ళం. ఆయన ఎదురుచూసేది వాళ్ళూరి వారపత్రిక కోసం. ఇంగ్లండు తూర్పు తీరాన ఒక చిన్న రేవు పట్నం వాళ్ళది. ఇక్కడుండే తెల్లవాళ్ళలో చాలామంది లండన్ పేపర్లు ఫోనుల్లో చదువుకుంటారు. ఆయనకు లండనుతో పనిలేదు. వాళ్ళూరి ఫుట్‌బాల్ జట్టు ఎవరి చేతిలో ఓడిపోయిందో, ఏ వీధిలో గుంత పూడ్చారో, ఎవరు పోయారో కావాలి. పలచటి ప్లాస్టిక్ కవరులో ఆ పత్రిక వచ్చేసరికి అందులో వార్తలన్నీ పాతబడి ఉండేవి. అయినా అక్కడే నిలబడి కవరు చింపి, వెనక పేజీలో మూలన ఉన్న చిన్న పట్టిక ముందు చూసేవారు. సముద్రం ఏ రోజు ఏ వేళకు పోటు, ఏ వేళకు పాటు అని చెప్పే పట్టిక.

"అయిపోయిన వారం ఆటుపోట్లు ఇప్పుడెందుకంకుల్?" అన్నాను ఒకసారి నవ్వుతూ.

"నేనిక్కడ టీ తాగుతున్నప్పుడు అక్కడ నీళ్ళు మెట్ల దాకా వచ్చాయో లేదో తెలియొద్దూ?" అన్నారాయన. నవ్వలేదు.

*

ఆ సంవత్సరం చివర మా ఇంట్లో ఒక పెద్ద నిర్ణయం జరిగి ఉంది. డిసెంబరులో నేనూ కీర్తికా విజయనగరం వెళ్ళిపోవాలి. సెలవులకు కాదు, ఉండిపోవడానికి. నేను పనిచేసిన కాలేజీలోనే మళ్ళీ చేరమన్నారు. కీర్తికను అక్క వాళ్ళ పిల్లలు చదివే బళ్ళో వెయ్యాలి. కిరణ్ ఇక్కడే ఉంటాడు, వీలు చూసుకుని వచ్చి వెళ్తుంటాడు. నేను చాలాకాలంగా అడుగుతున్నదే అది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఈ ఊళ్ళో నేను చేసిందల్లా వండడం, ఎదురుచూడడం. పిల్ల నా భాష మాట్లాడదు. నా చదువు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. దసరా వెళ్ళాక కిరణ్ ఒక రోజు "సరే భువనా, నీ ఇష్టం," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. బ్యాంకులో పని, ఇల్లు, లాప్‌టాప్. మామూలుగానే ఉన్నాడనుకున్నాను.

నవంబరు మొదట్లో ఒక ఆదివారం కెన్ అంకుల్ ఇంటికి రమ్మన్నారు. వెళ్తుంటే కీర్తిక, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో, వెంటపడింది.

"అమ్మా, ఐ ఆల్సో గో. కెన్ అంకుల్ హౌస్ గాట్ బిస్కెట్ లా."

ఆయన ఇల్లు శుభ్రంగా ఉంది. కిటికీ దగ్గర రెండు పేము కుర్చీలు. ఒకదానిలో ఆయన ఎప్పుడూ కూర్చోరని దిండు చూస్తేనే తెలుస్తోంది. "కూకో," అని దాన్నే నాకు చూపించారు. నేను పక్కనున్న సోఫాలో కూర్చున్నాను.

లోపలి గదిలోంచి ఆయన మోసుకొచ్చినవి తెలుగు వారపత్రికల కట్టలు. నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చేలాంటివే. ముఖచిత్రాల మీద నూలుచీరల్లో నవ్వే అమ్మాయిలు, రంగులు కాస్త అక్షరాల మీదికి జరిగి. అంచులు పసుపు తిరిగాయి. ఎన్నో ఏళ్ళపాటు రత్తమ్మగారు, మనవాళ్ళ కొట్లన్నీ ఉండే సెరంగూన్ రోడ్డులో ఒక తమిళాయన దగ్గర కొనుక్కొచ్చినవి.

"ఆదివారం మధ్యాహ్నం నేను మా ఊరి పేపరు చదువుకునేవాణ్ణి, ఆవిడ ఇవి," అన్నారాయన. "కాసేపయ్యాక ఒక కథ నాకు చెప్పేది. తన తెలుగూ, నా కోసం కొంచెం ఇంగ్లీషూ కలిపి. నువ్వు వీటిలోంచి ఏదైనా పైకి చదివిపెడతావా? అర్థం చెప్పక్కర్లేదు. ఊరికే చదువు."

ఒక పత్రిక తీసి చదవడం మొదలుపెట్టాను. మొదట కొంచెం సిగ్గేసింది. తర్వాత కాలేజీలో పాఠం చదివిన గొంతు దానంతటదే వచ్చేసింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. బయట వాన. కీర్తిక నేలమీద బోర్లా పడుకుని బిస్కెట్లు తింటూ బొమ్మలు చూసింది. ఇంట్లో నేను తెలుగు పుస్తకం తీస్తే "సో బోరింగ్ లా" అని పారిపోయే పిల్ల కదలకుండా ఉంది. కథ కోసం కాదులెండి, బిస్కెట్ల కోసం.

అది మాకు అలవాటైపోయింది. ఆదివారం రాగానే నాలుగో అంతస్తుకు దిగేవాళ్ళం. టీ ఆయనే పెట్టేవారు. నేను చదివాక ఆయన పాత సంగతులు చెప్పేవారు. దళంలో ఉన్నప్పుడు ఇంగ్లండు పేపర్లు విమానంలో వచ్చేవట. ముందు ఆఫీసర్లు చదివి, తర్వాత వాళ్ళ కింది వాళ్ళు చదివి, ఈయన చేతికొచ్చేసరికి గళ్ళనుడికట్టు ఎవరో పూర్తి చేసేసి ఉండేవారట. "అయినా నింపిన అక్షరాలు కూడా చదివేవాణ్ణి. ఊరి నుంచి వచ్చింది కదా!"

రెండో ఆదివారమో మూడోదో, కట్టలోంచి ఒక ఆకుపచ్చ ముఖచిత్రం పత్రిక తీసి నా చేతికిచ్చారు. అది పట్టుకోగానే ఆయన మొహం వెలిగింది.

"ఇందులో ఒక కథ ఉంది. ఒక కుటుంబం మలయాకు ఓడెక్కడానికి రేవుకొస్తుంది. పడవల్లో ఓడ దాకా వెళ్ళాలి. అమ్మ చేతిసంచీ ఇసుకలో మరిచిపోయిందని చిన్న తమ్ముడు వెనక్కి పరిగెడతాడు. వాడొచ్చేలోపు పడవ తోసేస్తారు. అక్క చెయ్యి ఊపుతూ అరుస్తూనే ఉంటుంది. వాడు సంచీ పట్టుకుని ఒడ్డున నిలబడి చిన్నగా, ఇంకా చిన్నగా..." ఆయన వేళ్ళ మధ్య సందు తగ్గిస్తూ చూపించారు. "ఆ కథ చదువు."

కీర్తిక లేచి కూర్చుంది. "దెన్? ది బాయ్ హౌ?"

"రత్తమ్మ అంతవరకే చెప్పింది," అన్నారాయన.

నేను పేజీలు తిప్పాను. ఓడా లేదు, రేవూ లేదు. మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చూశాను. సీరియల్లో ఒక టైపిస్టు అమ్మాయి, ఆఫీసులో మేనేజరు, హైదరాబాదు. ఆ సీరియల్‌కు వేసిన బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న ఒక అమ్మాయి. దూరంగా, స్టాపులో, సంచీ పట్టుకుని నిలబడ్డ కుర్రవాడు.

"ఏటి?" అన్నారు అంకుల్.

"ఏం లేదు. ఇది... ఇది పాత సంచిక అంకుల్. వేరే దాంట్లో ఉందేమో చూస్తాను," అని, టైపిస్టు అమ్మాయి కథ చదివేశాను. ఆయన కళ్ళు మూసుకునే విన్నారు.

ఇంటికి కొన్ని పత్రికలు అడిగి తెచ్చుకున్నాను. ఆ వారమంతా పొద్దున కిరణ్ ఆఫీసుకూ, పిల్ల బడికీ వెళ్ళాక వాటినే చూస్తూ కూర్చున్నాను. రత్తమ్మగారు చదివి చెప్పారంటూ అంకుల్ అంతకుముందు ఆ పేజీలు చూపించి నాకు చెప్పిన కథలు ఒక్కటీ వాటిలో లేవు. చింతగింజలు చీర అంచులో దాచుకుని సముద్రం దాటి, తోటలో తన గది వెనక నాటుకున్న ముసలావిడ కథ ఉండాల్సిన చోట, చింతపండు పురుగు పట్టకుండా ఎలా దాచాలో చెప్పే వంటింటి చిట్కాలున్నాయి, పక్కన చింతకొమ్మ బొమ్మతో.

వాళ్ళ తోటలో బడి తమిళంలోనే ఉండేదని ఆయనే ఒకసారి అన్నారు. నర్సు చదువు ఇంగ్లీషు. రత్తమ్మగారికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. చదవడం రాని భాషలో పత్రికలు అన్నేళ్ళు కొన్నారావిడ. బస్సెక్కి సెరంగూన్ రోడ్డు దాకా వెళ్ళి, డబ్బు పెట్టి. బొమ్మలు చూస్తూ వాళ్ళ అమ్మమ్మ చెప్పినవి భర్తకు చెప్పారు.

భోజనాల దగ్గర కిరణ్‌కు చెప్పాను. కీర్తిక టీవీ ముందుంది.

"ఆయనకు చెప్పాలా?" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు. "ఆయనకు మిగిలిందే అది. చెప్పి ఏం చేస్తావ్?"

"నన్ను నమ్మి చదవమంటున్నారు కదా. ఆ కథ దొరికిందా అని మళ్ళీ అడుగుతారు."

"డిసెంబరు ఎంతో దూరం లేదు." చారు కలుపుకుంటున్న చెయ్యి ఆపాడు. "అప్పటిదాకా వెతుకుతున్నానని చెప్పు. తర్వాత ఎలాగూ వెళ్ళిపోతావ్."

ఆ మాటలో ఏదో ఉందనిపించి తలెత్తి చూశాను. మళ్ళీ కలుపుకోవడం మొదలుపెట్టాడు.

*

నవంబరు నెలాఖరున ఒక మధ్యాహ్నం పోస్టు పెట్టెల దగ్గర అంకుల్ మెట్టు మీద కూర్చుని కనబడ్డారు. కవరు చింపి ఉంది. పేపరు ఒళ్ళో ఉంది. వెనక పేజీ తిప్పలేదు. మొదటి పేజీనే చూస్తున్నారు.

"ఇదే ఆఖరు," అన్నారు.

నూట నలభై ఏళ్ళు దాటిన పత్రికట. ఇక అచ్చు వెయ్యరు. మొదటి పేజీలో ఆఫీసు ముందు నిలబడ్డ ఉద్యోగుల ఫోటో వేశారు. అక్కడున్న వాళ్ళందరికంటే వెనకున్న తలుపు పెద్దగా కనబడుతోంది. ఆ తలుపు పక్కనే చేపల వేపుడు దుకాణం ఉండేదనీ, పేపరు అమ్మడానికి చిన్నప్పుడు అక్కడే వరసలో నిలబడేవాణ్ణనీ చెప్పారు. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం కాగితాన్ని అటూ ఇటూ సాపు చేస్తోంది.

"పైకి పదండంకుల్, టీ పెడతాను," అన్నాను.

ఆయన ఇంట్లో మొదటిసారి నేనే టీ పెట్టాను. కప్పు అందుకుని కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చున్నారు. వాళ్ళ చెల్లెలు డోరీన్ ఒక్కతే ఇంకా ఆ ఊళ్ళో ఉందనీ, వచ్చెయ్యమని ఎప్పటినుంచో అంటోందనీ చెప్పారు. జనవరి నెలాఖరుకు వెళ్ళిపోదామనుకుంటున్నారు.

"పేపరు వచ్చినన్నాళ్ళూ వెళ్ళాలనిపించలేదు. ఊరే వారం వారం ఇక్కడికి వచ్చేది కదా."

ఆయన లేచి ఆకుపచ్చ పత్రిక తెచ్చి బల్లమీద పెట్టారు. ఇప్పుడు అడుగుతారు, ఆ కథ దొరికిందా అని.

"వెళ్ళేటప్పుడు దీన్నొక్కదాన్నే పట్టుకెళ్తాను. తక్కినవి నువ్వు ఉంచుకో," అన్నారు. తర్వాత నా మొహంలోకి చూసి చిన్నగా నవ్వారు. "ఇందులో ఓడ లేదు కదా?"

నేను బస్సు బొమ్మ ఉన్న పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను.

"చదివేవాళ్ళ కళ్ళు కదులుతాయి భువనా. ఇటు నుంచి అటు, మళ్ళీ ఇటు. ఆవిడ కళ్ళు బొమ్మ మీదే ఉండేవి. పెళ్ళయిన మొదటి ఏడే చూశాను."

"మరి ఎప్పుడూ అడగలేదా?"

"అడిగితే ఆపేసేది."

వాన ఆగినట్టుంది. కింద ఆట స్థలంలో పిల్లల గొంతులు వినబడుతున్నాయి. నేను ఖాళీ కప్పులు తీస్తూ అడిగాను.

"అన్నీ తెలిసి, నన్నెందుకు చదవమన్నారు అంకుల్?"

ఆయన ఖాళీ పేము కుర్చీ వైపు చూశారు.

"అర్థం కోసం కాదు. ఆవిడ పోయాక ఈ ఇంట్లో ఆ చప్పుడు లేదు. రేడియో పెడతాను, టీవీ పెడతాను. అవి వేరే చప్పుళ్ళు. ఆదివారం మధ్యాహ్నం ఒక ఆడమనిషి తెలుగులో ఏదో అంటూ ఉండాలి. ఏమంటే ఏం?"

*

ఆ సాయంత్రం నేను వంట చెయ్యలేదు. కిరణ్ వచ్చేసరికి సోఫాలో కూర్చుని ఉన్నాను. సగం సర్దిన పెట్టెలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటిని తప్పించుకుంటూ వచ్చి, బూట్లు విప్పి, "ఒంట్లో బాలేదా?" అన్నాడు.

ఆ చప్పుడు గురించి అంకుల్ అన్న మాట చెప్పాను. విన్నాడు. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాడు. అక్కణ్ణుంచే, నాకు మొహం కనబడకుండా అన్నాడు.

"మొన్న మీరిద్దరూ కింద ఆట స్థలంలో ఉన్నప్పుడు నేను ముందొచ్చాను. ఆఫీసు నుంచి. తాళం తీసి లోపలికొచ్చి లైటు వెయ్యకుండా కూర్చున్నాను కాసేపు. జనవరి నుంచి ఇలాగే కదా, ఎలా ఉంటుందో చూద్దామని."

"ఎలా ఉంది?"

గ్లాసు కడిగి బోర్లించిన చప్పుడు.

"ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే వినబడింది."

లేచి వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్ళాను. నేను విజయనగరం విజయనగరం అని కలవరించిన ఆ నెలల్లో ఈ మనిషి ఒక్కసారైనా వద్దనలేదు. వద్దంటే బాగుండుననీ నేననుకోలేదు. అతనిదీ ఆ జిల్లానే. బొబ్బిలి. అతనికి ఏ పత్రికా రాదు, అతను ఏ పెట్టే తెరిచి చూడడు. ఇల్లు అనుకునేది మమ్మల్నే కాబోలు.

"కింద హాకర్ సెంటర్లో తిందామా?" అన్నాను.

"పద," అన్నాడు. కీర్తికను పిలిచి ముగ్గురం చెప్పులేసుకున్నాం.

*

డిసెంబరులో, మా ప్రయాణానికి ముందు, అంకుల్ ఒక సాయం అడిగారు. రత్తమ్మగారి అస్థికలు మండాయ్ దహనవాటికలో ఉన్నాయి. పెద్ద భవనంలో గోడల నిండా చిన్న చిన్న అరలు, ఒక్కో అరకు ఒక రాతి పలక. ఆవిడ పలక మీద పేరు ఇంగ్లీషులో, తమిళంలో ఉంది. అప్పట్లో చెక్కేవాళ్ళ దగ్గర భారతీయులకని తమిళం ఒక్కటే ఉండేదట. వెళ్ళేలోపు తెలుగులో పేరు పెట్టించాలని ఆయన కోరిక.

"నాతో తీసుకెళ్దామా అని కూడా అనుకున్నాను," అన్నారు. "ఒక్కసారి మా ఊరు తీసుకెళ్తే స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ చలిలో ఆవిణ్ణి పెట్టలేను."

పలకలు చెక్కే చైనా ఆయన ఒక తెల్లకాగితం ఇచ్చి రాయమన్నాడు. నేను లావుపాటి పెన్నుతో 'రత్తమ్మ' అని రాశాను. అంతకంటే శ్రద్ధగా ఏ అక్షరమూ ఎప్పుడూ రాసి ఉండను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, అక్షరాల కింద ఉన్న ఒత్తుల మీద వేలు పెట్టాడు.

"దిస్ టూ స్మాల్ స్మాల్ వన్, మిస్టేక్ ఆ? ఐ టేక్ అవుట్?"

"నో నో అంకుల్!" అని కీర్తిక నాకంటే ముందు అరిచింది. "కెనాట్ టేక్ అవుట్! దట్ వన్ ఈజ్ హర్ నేమ్!"

పలక అమర్చిన రోజు మేం ముగ్గురమూ అంకుల్ వెంట వెళ్ళాం. కొత్త రాయి తక్కిన పలకల మధ్య కాస్త తెల్లగా మెరుస్తోంది. కిరణ్ దారిలో కొన్న మల్లెమాల నాకిచ్చాడు, నేను అంకుల్‌కిచ్చాను. ఆయన దాన్ని అర ముందు పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. చూపుడు వేలు మొదటి అక్షరం మీద ఆనించారు.

"ఇదేంటి?"

"ర," అన్నాను.

వేలు జరిగింది.

"త్త," అన్నాను. కీర్తిక నా పక్కన నిలబడి పెదాలు కదుపుతోంది. "మ్మ," అంది అదే, నేను చెప్పేలోపు.

ఆయన మళ్ళీ మొదటి నుంచీ ఒక్కో అక్షరం మీద వేలు కదుపుతూ, ఆగి ఆగి చదివారు. మూడు అక్షరాలు. అంతా అయ్యాక మా వైపు తిరిగి, "ఆవిడ కూడా ఎప్పుడూ చదువుకోలేదు దీన్ని," అన్నారు.

బయట బస్టాపులో ఎండ కాస్తోంది. వాన వెలిసిన రోడ్డు మీంచి ఆవిరి లేస్తోంది. కిరణ్ ఫోను తీసి ఏదో చూసుకుంటున్నాడు. విశాఖ టికెట్ల పేజీ అని పక్కనుంచి కనబడింది. చాలాసేపు అలాగే చూసి, తలెత్తకుండానే అడిగాడు.

"రిటర్న్ కూడా తియ్యనా?"

కీర్తిక బెంచీ మీద కూర్చుని కాళ్ళూపుతూ తనలో తను ఏదో పాడుకుంటోంది. ఏ భాషో సరిగ్గా వినబడలేదు. విజయనగరంలో కాలేజీ గేటు కళ్ళముందు మెదిలింది. దాని ముందు బడ్డీలో మిరపకాయ బజ్జీలు, సాయంత్రం గంట, గుంపుగా బయటికొచ్చే పిల్లలు. ఆ గేటు నాకు కావాలి. అప్పుడూ కావాలి, ఇప్పటికీ కావాలి.

"తియ్యి," అన్నాను. "ముగ్గురికీ. ఇక్కడ దాని బడి తెరిచే ముందు రోజుకి."

అతను తలూపి టైపు చేసుకున్నాడు. బస్సు వచ్చి ఆగింది. మేం ఎక్కి చూస్తే అంకుల్ వెనక లేరు. భవనం మెట్ల మీదే ఆగిపోయి ఉన్నారు. నేను కిటికీలోంచి రమ్మని చెయ్యూపాను. ఆయన తల అడ్డంగా ఊపి, మీరు వెళ్ళండని సైగ చేశారు. తలుపులు మూసుకున్నాయి. బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. ఆయన మళ్ళీ లోపలికి వెళ్తున్నారు.